నిప్పెరిగిన నాలుక

వరహాలమ్మ నోరు మూతపడిందంటే బస్తర్‌లోని బచేలి సంతలో ఎవరూ నమ్మలేదు. నమ్మమంటే మాత్రం ఎలా నమ్ముతారు? విశాఖ నుంచి కిరండూల్ పాసింజరులో దిగిన ఎండు చేపల గంపల వెనక కూర్చుని, రైల్వే వాళ్ళతో తెలుగులో, గని క్వార్టర్ల ఆడవాళ్ళతో హిందీలో, కొండ పల్లెల నుంచి దిగివచ్చిన వాళ్ళతో గోండీలో, జగదల్‌పూర్ వ్యాపారులతో హల్బీలో ఒక్క గుక్కలో బేరమాడే మనిషి ఆమె. తిట్లయితే నాలుగు భాషల్లోనూ సమానంగా వచ్చు. నీ నెత్తళ్ళలో ఇసుకుందే అన్న పాపానికి గని సూపర్‌వైజరు పెళ్ళాం ఒకావిడ చాలా సంతల పాటు అటువైపు తొంగిచూడలేదు. అలాంటి నోరు ఇప్పుడు మంచినీళ్ళకు కూడా తెరుచుకోవడం లేదు.

ఆమె మొగుడు తాతబాబు అసలే నోట్లో నాలుక లేని మనిషి. రైల్వేలో కీమాన్‌గా చేసి రిటైరయ్యాడు. సుత్తి భుజాన వేసుకుని, వదులైన బిగింపులు సరిచేసుకుంటూ, ఇనుప రాయి మోసే గూడ్సు బండ్లు తిరిగే పట్టాల వెంట ఒంటరిగా నడిచే ఉద్యోగం. బయట ఎవరితోనూ మాట్లాడే పని లేదు, ఇంటికొస్తే మాట్లాడే సందు దొరకదు. ఆ ఇంట్లో మాటలన్నీ వరహాలమ్మవే. ఆవిడ నోరు మూతపడ్డాక ఇద్దరి మధ్యా ఎంత నిశ్శబ్దం పడిందంటే, తాతబాబు తన దగ్గుకు తానే ఉలిక్కిపడేవాడు.

జబ్బు తెచ్చింది అడ్డచుట్ట. అడ్డచుట్ట అంటే తెలియనివాళ్ళు అదృష్టవంతులు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు పాతకాలం ఆడవాళ్ళు చుట్టను తిరగేసి కాలుస్తారు. నిప్పున్న కొస నోటి లోపల, చల్లని కొస బయట. నాట్లు వేస్తున్నా, గంప మోస్తున్నా, వానలో తడుస్తున్నా చుట్ట ఆరదు. రెండు చేతులూ పనికి మిగులుతాయి. మామగారు ఎదురొస్తే పెదాలు బిగిస్తే చాలు. వరహాలమ్మకు ఇది తల్లి దగ్గర్నుంచి వచ్చింది, తల్లికి ఆమె తల్లి దగ్గర్నుంచి. మొదట్లో నోరంతా బొబ్బలెక్కుతుంది, ఏడుపొస్తుంది, తర్వాత నోరే నేర్చుకుంటుంది. అలా నేర్చుకున్న నోటితో ఆవిడ పెళ్ళి చేసుకుని బస్తర్ వచ్చింది. తాతబాబు ఎప్పుడైనా మానెయ్యమంటే, “నువ్వు సుత్తి మానెయ్, నాను సుట్ట మానేత్తాను” అనేది. ఆయన రిటైరై సుత్తి మానేశాడు. ఈవిడ మాత్రం మాట తప్పింది. చివరికి అంగిట్లో లేచిన తెల్లమచ్చ పుండై, పుండు క్యాన్సరై మాన్పించింది.

విశాఖలో ఆపరేషన్ చేసి అంగిట్లో జబ్బు పట్టిన చోటు తీసేశారు. తీశాక కొన్ని వారాల పాటు కరెంటు పెట్టించుకోవాలన్నారు. జనం కరెంటు అంటారు, డాక్టర్లు రేడియేషన్ అంటారు. జగదల్‌పూర్‌లో ఒక ట్రస్టు ఆస్పత్రికి ఆ మిషను కొత్తగా వచ్చిందని తెలిసి మొగుడూ పెళ్ళాలు అక్కడికే వెళ్ళి, ఆస్పత్రి వెనక ధర్మశాలలో గది తీసుకున్నారు. రోజూ పొద్దున్నే ఆవిడ ముఖానికి జల్లెడలాంటి గట్టి ముసుగు తొడిగి, దాన్ని బల్లకు బిగించి, అందరూ బయటికి పోయి తలుపు వేసేవాళ్ళు. మిషను ఆమె చుట్టూ తిరిగేది. మొదట్లో వరహాలమ్మ దాన్ని పూచికపుల్ల కింద కూడా జమకట్టలేదు. మూడో వారం వచ్చేసరికి పెదాల లోపల, చెంపల లోపల, నాలుక మీద తెల్లటి పొరలు కట్టాయి, వాటి కింద పచ్చి పుండ్లు. అవి జబ్బు వల్ల వచ్చినవి కావు, వైద్యం వల్ల వచ్చినవి. గంజి మింగితే కళ్ళవెంట నీళ్ళు, మాట్లాడబోతే పెదవి చిట్లి నెత్తురు.

అప్పుడు నేతామ్ డాక్టరమ్మ దీపం మాట ఎత్తింది. ఆమె కాంకేర్ మనిషి, నోటి డాక్టరు, హిందీలోనే మాట్లాడుతుంది. వరహాలమ్మకు హిందీ వచ్చినా సరే, పక్కనున్న నర్సు హుంగే ప్రతి ముక్కా తెలుగు చేసి చెప్పేది. హుంగేది తెలంగాణ సరిహద్దున ఉసూర్ దగ్గర పల్లె. ఇంట్లో దోర్లీ, సంతలో తెలుగు, డ్యూటీలో హిందీ.

“ఇది కోసే లేజరు కాదమ్మా, కాల్చేదీ కాదు. వెలుగంతే. పుండు త్వరగా మానడానికి ఒంటికి సాయం చేస్తుంది. క్యాన్సరుకు మందు మాత్రం ఇది కాదు, దానికి కరెంటే. కానీ నువ్వు తినగలిగితేనే ఆ కరెంటు ఆగకుండా సాగుతుంది” అంది డాక్టరమ్మ.

“ఏం కాదు పెద్దమ్మా, సూది గూడ లేదు. నోరు తెర్సి కూసుంటే అయిపాయె” అంది హుంగే.

పెన్నంత కడ్డీ, దాని కొసన గోరంత ఎర్రటి వెలుగు. రోజూ కరెంటుకు ముందు హుంగే తానూ నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని, వరహాలమ్మకూ పెట్టి, ఆపరేషన్ చేసిన అంగిలి జోలికి పోకుండా, కుడి చెంప లోపల కాసేపు, ఎడమ చెంప లోపల కాసేపు, పెదాల లోపల కాసేపు, నాలుక మీద ఒక్క క్షణం ఆ వెలుగు పెట్టేది. వరహాలమ్మకు మొదటి రోజే అనుమానం వచ్చింది. వేడి లేదు. వెచ్చదనం కూడా లేదు. చిన్నప్పటి నుంచీ నిప్పు నోట్లో పెట్టుకుని బతికిన మనిషికి వేడి లేని వెలుగు మీద నమ్మకం ఎక్కణ్ణుంచి కుదురుతుంది? పని చేసేదైతే చురుక్కుమనాలి. చురుక్కుమనలేదంటే ఆస్పత్రివాళ్ళు తనను చంటిపిల్లను చేసి దీపం చూపించి ఊరుకోబెడుతున్నారన్నమాట.

పోనీ దీపం అందరికీ దండగే అయితే ఆవిడకు అంత కష్టమనిపించేది కాదు. అదే బెంచీ మీద ఆవిడ పక్కన కూర్చునే బిజ్జా ఉన్నాడే, అతనితోనే వచ్చింది తంటా. కిరండూల్ గనిలో కాంట్రాక్టు కూలి. గుట్కా నమిలి నమిలి చెంపకు జబ్బు తెచ్చుకున్నాడు. ఇద్దరికీ దీపం ఒకే రోజు మొదలుపెట్టారు. అదే కడ్డీ, అదే హుంగే. వారం తిరిగేసరికి బిజ్జా పెళ్ళాం పొజ్జే గిన్నెలో కిచిడీ తెచ్చి పెడుతుంటే అతను మెల్లిగా నములుతూ తింటున్నాడు. తింటూ తింటూ వరహాలమ్మ వైపు చూసి మర్యాదగా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఆవిడకు ఒళ్ళు మండిపోయేది. తిట్టడానికి నోరు లేదు. నాలుగు భాషల తిట్లూ లోపలే ఉండిపోయి కడుపు ఉబ్బరించేది.

బరువు తూచిన రోజున డాక్టరమ్మ ముఖం చిన్నబోయింది. తాతబాబును పక్కకు పిలవకుండా వరహాలమ్మ ముందే చెప్పింది, అందుకు డాక్టరమ్మను మెచ్చుకోవాలి.

“ఇంకా తగ్గితే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పోయాలి. అదీ వద్దంటే కరెంటు కొన్నాళ్ళు ఆపాలి. మధ్యలో ఆపడం మంచిది కాదు. లోపల ఎక్కడైనా కాస్త జబ్బు మిగిలుంటే అది మళ్ళీ బలం పుంజుకుంటుంది.”

ధర్మశాల గదికి వచ్చాక వరహాలమ్మ మేకుకు తగిలించిన గుడ్డసంచి తీసి మంచం మీద పడేసింది. చీరలు అందులో కుక్కింది. గుమ్మం వైపు చెయ్యి చూపించింది. స్టేషన్ వైపు, అంటే బచేలి వైపు. ముక్కులో గొట్టం పెట్టించుకునేది లేదు, పనికిరాని దీపం ముందు నోరు తెరుచుకుని కూర్చునేది లేదు, ఇంక చాలు. చేతులతోనే అంతా చెప్పేసింది. తాతబాబు అంతా చూసి, “సరే. రేపు డాక్టరమ్మకి సెప్పీసి ఎల్లిపోదాం” అన్నాడు. ఒక్క ఎదురుమాట అనలేదు. పాపం నా బాధ చూడలేకపోతున్నాడు అనుకుంది వరహాలమ్మ. ఆ రాత్రి ఆయన మీద ఆమెకు ఎప్పుడూ లేనంత జాలి, ప్రేమ కలిగాయి.

మర్నాడు తాతబాబు సంచి భుజాన వేసుకుని వచ్చి, నసుగుతూ సంగతి చెబితే డాక్టరమ్మ కోప్పడలేదు. “వెళ్ళే ముందు ఒకసారి నోరు చూడనివ్వండి” అని కుర్చీలో కూర్చోబెట్టింది. లైటు దగ్గరికి లాగి చూసింది. చూసి, మళ్ళీ చూసి, హుంగేను పిలిచింది.

“నాలుక చూడు.”

“మంచిగ మానింది మేడమ్.”

“అదే నేనూ అంటున్నాను. నాలుక మీద మనం వెలుగు పెట్టింది కాసేపే. అక్కడ దాదాపు మానిపోయింది. చెంపల్లో రోజూ పెట్టాం. అక్కడ ఒక్క పిసరు కూడా మానలేదు.”

మిషను పాడైందా అంటే బిజ్జా కిచిడీ తింటున్నాడు. హుంగే సరిగ్గా పెట్టడం లేదా అంటే బిజ్జాకు పెట్టిందీ ఆమే. డాక్టరమ్మ కాసేపు ఆలోచించి, “కళ్ళద్దాలు తీసెయ్. దీపం వెలిగించకుండా ఉత్త కడ్డీ పెట్టు. రోజూ ఎలా పెడతావో అలాగే” అంది. నల్ల అద్దాల్లోంచి, ఆ ఎర్ర వెలుగులో, పుండ్ల వల్ల సగమే తెరుచుకునే నోట్లో ఏది చెంపో ఏది నాలుకో ఇన్నాళ్ళూ ఎవరికీ తేలలేదు మరి.

హుంగే కడ్డీని కుడి చెంప వైపు పోనిచ్చింది. ఎక్కణ్ణుంచి వచ్చిందో వరహాలమ్మ నాలుక చటుక్కున కుడివైపుకు మళ్ళి చెంపకూ కడ్డీకీ మధ్య అడ్డంగా నిలబడింది. కడ్డీని ఎడమ వైపు తిప్పింది. నాలుక అంతకంటే ముందే అక్కడికి చేరింది.

“ఏంది పెద్దమ్మా, నాలుక గట్ల అడ్డం పెడ్తవ్? జర కింద పెట్టు.”

నేనెక్కడ పెట్టానన్నట్టు వరహాలమ్మ కళ్ళెర్రజేసింది. ఆమె అబద్ధం ఆడటం లేదు. తన నాలుక కిందే ఉందని ఆమెకు గట్టి నమ్మకం. డాక్టరమ్మ గోడకున్న అద్దం తీసి ఆమె చేతికిచ్చింది. “నువ్వే చూడమ్మా.”

కడ్డీ మళ్ళీ లోపలికి పోయింది. వరహాలమ్మ అద్దంలో చూసింది. అడ్డచుట్ట ఎవరూ అద్దం ముందు కూర్చుని కాల్చరు. తన నోరు పని చేస్తుండగా ఆమె చూడటం అదే మొదలు. కడ్డీ ఎటు తిరిగితే అటు, అదే చుట్ట నిప్పన్నట్టు, చెంప కాలకుండా, తడి నాలుక దొప్పలా వంగి అడ్డం నిలబడుతోంది. ఎప్పుడో చిన్నప్పుడు బొబ్బలెక్కి ఏడ్చి నేర్చుకున్న పని. నేర్చుకున్న సంగతి ఆమె ఎన్నడో మర్చిపోయింది, నాలుక మర్చిపోలేదు. పుండ్లు మాన్పడానికి వచ్చిన వెలుగును కూడా అది నిప్పే అనుకుని, కాపలా కాసి, ఒక్క చుక్క చెంపకు తగలనివ్వకుండా మొత్తం తానే తీసుకుంది.

వరహాలమ్మకు నవ్వొచ్చింది. పుండ్లు నవ్వనివ్వవు, నవ్వు ఆగదు. కళ్ళవెంట నీళ్ళు కారిపోతుంటే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని భుజాలు కుదిపి కుదిపి నవ్వింది. డాక్టరమ్మా, హుంగే కంగారుపడ్డారు. ఆవిడ డాక్టరమ్మ జేబులోంచి పెన్ను లాక్కుని, తిరగేసి, నోటి దగ్గర పెట్టి మొగుడి వైపు చూసింది. నువ్వు చెప్పు అని.

తాతబాబు చెప్పాల్సి వచ్చింది. జీవితంలో అంత పొడుగు ప్రసంగం ఆయన ఎప్పుడూ చెయ్యలేదు. “మేడమ్, చుట్టా పీతీ థీ. ఉల్టా. ఆగ్ అందర్. బచ్‌పన్ సే” అని మొదలుపెట్టి, చేతులతో చుట్ట చుట్టి చూపించి, తిరగేసి చూపించి, తన అత్త కాల్చడం, ఆ అత్త తల్లి కాల్చడం, పెళ్ళిలో ఈవిడ పెదాలు బిగించుకుని కూర్చుంటే సిగ్గు పడుతోందని తాను మురిసిపోవడం, తీరా చూస్తే నోట్లో చుట్ట ఉండటం, అన్నీ చెప్పేశాడు. ఆయన మురిసిపోయిన సంగతి వరహాలమ్మకే తెలియదు. ఇన్నేళ్ళూ ఈ మనిషి దాన్ని లోపలే పెట్టుకున్నాడా అని ఆశ్చర్యపోయింది.

డాక్టరమ్మ శ్రద్ధగా విని, “దీని గురించి పుస్తకంలో చదివాను. నాలుక ఇంత చదువుకుంటుందని మాత్రం అందులో లేదు” అని నవ్వేసింది. తర్వాత ముఖం గట్టిపరుచుకుంది. “ఒక్కటి మాత్రం తెలిసిపోయింది కదమ్మా. వెలుగు తగిలిన చోట మానుతోంది. ఇప్పుడు చెంపకు తగలనిద్దాం. ఈ వారం ఉండి చూడు. తర్వాత నీ ఇష్టం.”

వరహాలమ్మ సంచి వైపు చూసింది. తల ఊపింది.

చెప్పినంత తేలిక కాలేదు. నాలుక కింద పెట్టు అంటే పెట్టేది. కడ్డీ పెదవి దాటగానే అది లేచేది. ఆవిడ పట్టుదలగా కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి కూర్చున్నా లేచేది. చెక్కపుల్లతో నొక్కి చూశారు, డోకొచ్చింది. చివరికి డాక్టరమ్మ, నాలుక మానింది కాబట్టి దాన్ని పట్టుకోవచ్చు, గాజుగుడ్డతో మెల్లిగా పక్కకు లాగి పట్టుకోండి అంది. హుంగేకు ఒక చేత కడ్డీ, ఒక చేత చెంప. మూడో చెయ్యి లేదు. డాక్టరమ్మ బయట ఇంకో పది మందిని చూడాలి. ముగ్గురూ కలిసి తాతబాబు వైపు చూశారు.

ఆయనకు చేతి తొడుగులు తొడిగి, నల్ల కళ్ళద్దాలు పెట్టి, చేతికి గాజుగుడ్డ ఇచ్చారు. సుత్తి పట్టిన చేత్తో ఆయన ఆ గుడ్డను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పట్టు పెదనాన్నా, ఇంటికాడ ఎట్లాగూ పట్టలేకపోతివి” అంది హుంగే.

నల్ల అద్దాల వెనక నుంచి వరహాలమ్మ చూసిన చూపు ఎవరికీ కనబడలేదు గానీ తాతబాబుకు తగిలింది. మొదటి రోజు ఆయన మరీ సుతారంగా పట్టుకుంటే నాలుక చేపలా జారిపోయి వెలుగు ముందుకు పోయి కూర్చుంది. రెండోసారి కాస్త గట్టిగా పట్టాడు. అది లాగుతోంది, ఆయన వదలడం లేదు. “నొప్పా?” అని అడిగాడు. ఆవిడ లేదని చెయ్యి ఊపింది. ఎర్ర వెలుగు మొట్టమొదటిసారి ఆమె చెంపను తాకింది. ఆవిడకు మళ్ళీ ఏమీ తెలియలేదు, చల్లగా అలాగే ఉంది. ఈసారి మాత్రం దాన్ని తిట్టుకోలేదు.

ఆ రోజు నుంచి అది వాళ్ళ పొద్దుటి పని అయింది. ఆవిడ కుర్చీలో, ఆయన పక్కన నిలబడి. ఎంతకాలమైందో వాళ్ళు అంత దగ్గరగా ముఖంలో ముఖం పెట్టుకుని. ఆయన చెంప మీద గడ్డం చేసుకోని వెంట్రుకలు, కళ్ళద్దాలు తీశాక కంటి కింద నల్లటి చారలు ఆమెకు కనిపించేవి. ఈయనా చిక్కిపోయాడు అనుకునేది.

పుండ్లు ఒక్కసారిగా మాయం కాలేదు. కరెంటు రోజూ కొత్త పుండ్లు తెస్తూనే ఉంది, వెలుగు రోజూ వాటిని తగ్గిస్తూనే ఉంది. కొన్నాళ్ళు ఎవరు గెలుస్తున్నారో తెలియలేదు. తర్వాత తెల్లపొర పలచబడింది. రాత్రి నిద్ర పట్టింది. ఒక పొద్దున పొజ్జే, బిజ్జాకు తెచ్చిన గిన్నెలోంచి కాస్త మండియా పేజ్ వేరే గ్లాసులో పోసి వరహాలమ్మ చేతికిచ్చింది. బస్తర్ వాళ్ళు పేజ్ అంటారు గానీ అది అచ్చం చోడంబలే, అంటే రాగుల అంబలే, వరహాలమ్మ పుట్టింట్లో పొద్దున్నే తాగిందే. భయపడుతూ ఒక గుటక వేసింది. మండింది, కానీ తట్టుకోగలిగినంత. ఇంకో గుటక. గ్లాసు ఖాళీ అయింది. బిజ్జా నమలడం ఆపేసి చూస్తున్నాడు.

గ్లాసు కింద పెట్టి, పెదాలు తుడుచుకుని, వరహాలమ్మ వారాల తర్వాత మొదటి మాట మాట్లాడింది. బొంగురుగా, హల్బీలో.

“ఉప్పు తక్కువైంది.”

పొజ్జే పకపకా నవ్వింది. తాతబాబు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వరహాలమ్మ అది చూసి కూడా చూడనట్టు ఊరుకుంది, అది ఆవిడ చేసిన మర్యాద.

ఆ పై వారం తూకంలో బరువు నిలబడింది. డాక్టరమ్మ ముక్కుగొట్టం మాట ఎత్తడం మానేసింది. కరెంటు ఆపాల్సిన పని లేదంది. ఇంక ఇంటికి పారిపోవడానికి వరహాలమ్మ దగ్గర ఒక్క కారణం కూడా మిగల్లేదు. అయినా కరెంటు గది ముందు బెంచీ మీద కూర్చున్నప్పుడు ఆవిడ ఉన్నట్టుండి అంది.

“మావా, ఇంటికి ఎల్లిపోదాం.”

“సరే. సంచి సర్దీనా?” అన్నాడు తాతబాబు.

ఆ సరే ఆమెకు గుచ్చుకుంది. తల తిప్పి ఆయన వైపు తేరిపార చూసింది.

“ఏటి సరే? అప్పుడు ఎల్లిపోదామంటే సరే అన్నావు. నా మంట సూళ్ళేక అంటన్నావనుకున్నాను. ఇప్పుడు మంట నేదు, తింటన్నాను, మాటాడుతున్నాను. ఇప్పుడూ సరేనేటి? ఎందుకే, నీకేటొచ్చిందే అని ఒక్క మాట అడగవేటి?”

తాతబాబు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. ఆవిడ అంత మాట్లాడి ఆగిందంటే మామూలుగా అక్కడితో సంభాషణ అయిపోయినట్టే. ఆ రోజు ఆవిడ వదల్లేదు, ఎదురుచూసింది. చివరికి ఆయన నోరు విప్పాడు.

“నాకు బయమేస్తంది వరాలూ. నిన్నా బల్లకి బిగించీసి అందరూ బయటికొచ్చీసి తలుపేసేత్తారు. అది మళ్ళీ తెరిసేదాకా నాను ఊపిరి తీసుకోను. రోజూ ఇదే. ఇంటికి ఎల్లిపోతే ఈ తలుపు సూడక్కర్నేదు కదా అని సరే అన్నాను. నీ గురించి కాదే. నా గురించి.”

వరహాలమ్మకు ముందు కోపం వచ్చింది. నేను చావబోతుంటే నీ తలుపు గొడవా అని నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది. ఎందుకంటే ఆయన చెప్పింది అచ్చం ఆమె మనసులో సంగతే. ఇన్నాళ్ళూ మంట, మంట అనుకుంది. మంట తగ్గాక చూస్తే దాని వెనకాల ఇంకోటి కూర్చుని ఉంది. దానికి ఇంతకు ముందు పేరు పెట్టాల్సిన అవసరం ఆమెకు రాలేదు.

“నాకూ బయమే” అంది చిన్నగా.

తాతబాబు ఆమె వైపు తిరిగాడు. పట్టాల మీద పాము కనబడ్డా, సంతలో పోలీసులు గంపలు తన్నినా, డాక్టరు క్యాన్సరని చెప్పినా ఆ నోట్లోంచి ఆ మాట ఆయన వినలేదు.

“ఆ ముసుగు బిగించీసినాక నోరు తెరవడానికి అవదు మావా. నాను పిలిసినా ఎవుడికీ ఇనబడదు. ఒక్కర్తినీ. నాకు తెలీకుండానే అయిపోతాదేమో అనిపిస్తాది.”

తాతబాబు ఆవిడ చేతి మీద చెయ్యి వేశాడు. ఆస్పత్రిలో, అందరూ చూస్తుండగా. ఆవిడ తన చెయ్యి వెనక్కి లాక్కోలేదు. తలుపు తెరుచుకుని ఎవరో ముసలాయన్ని చక్రాల కుర్చీలో బయటికి తెచ్చారు. ఆయన బతికే ఉన్నాడు, టీ అడుగుతున్నాడు. ఇద్దరూ ఆయన పోయేదాకా చూశారు.

“వర్హాలమ్మా, ఆజాయియే” అని లోపలి నుంచి పిలిచారు.

తాతబాబు చెయ్యి బిగుసుకుంది. ఎల్లిపోదామా, ఉందామా అని ఆయన అడగలేదు, ఆ ప్రశ్న ఆయన ముఖం మీదే ఉంది. వరహాలమ్మ కాసేపు కదల్లేదు. లోపలి నుంచి రెండోసారి పిలిచారు. అప్పుడు ఆవిడ చెయ్యి విడిపించుకుని, చీరలకు బదులు ఇప్పుడు ఆస్పత్రి కాగితాలున్న గుడ్డసంచి ఒళ్ళోంచి తీసి మొగుడి ఒళ్ళో పెట్టి, కొంగు బిగించి లేచింది.

“ఇక్కడే కూకో. ఎక్కడికీ పోకు” అంది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది. “తలుపేసినా ఊపిరి తీసుకో, ముసిలోడా. నువ్వు బిగబట్టుకుని సచ్చిపోతే రేపు నా నాలుక ఎవుడు పట్టుకుంటాడు?”

తలుపు మూసుకుంది. బల్ల మీద పడుకోబెట్టి ముఖానికి జల్లెడ బిగించి అందరూ బయటికి వెళ్ళారు. మిషను కదిలింది. బయట ఆయన ఊపిరి తీసుకుంటున్నాడో లేదో అని ఆలోచిస్తూ, తాను ఒకటి పీలుస్తూ ఒకటి వదులుతూ, వరహాలమ్మ కదలకుండా పడుకుంది.